పదహారు వందల లోపు

నేను ఒక చదరంగపు గడియారాన్ని. నాకు రెండు ముఖాలు. మనుషులకూ ఉంటాయనుకోండి, కాకపోతే నావి రెండూ పైకే కనిపిస్తాయి. ఎత్తు వేసి నా నెత్తిన ఒక్కటి కొడితే కొట్టినవాళ్ళ సమయం ఆగి, అవతలివాళ్ళది కరగడం మొదలవుతుంది. ఎవరివైపు సున్నా వస్తే వాళ్ళు ఓడినట్టే, బల్ల మీద ఎంత గొప్పగా గెలుస్తున్నా సరే.

ఏదో ఫ్యాక్టరీలో బోలెడంతమంది తోబుట్టువులతో పుట్టి, అట్టపెట్టెలో తెనాలి చేరాను. పోటీలకు గడియారం ఎవరిది వాళ్ళే పట్టుకెళ్ళాలి గనక, రంగుల కొట్టు ఉమాపతి తన కూతురు సుదీప్తి కోసం నన్ను కొన్నాడు. ఆ పిల్ల నన్ను పాత చున్నీలో చుట్టి సంచిలో పెట్టుకునేది. నెత్తిన కొట్టడం కూడా, నాకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు మెల్లగా కొట్టేది. ఆమె అంటే నాకు ప్రాణం. ఉమాపతి అంటే మాత్రం మొదట్నించీ ఒళ్ళుమంట. ఆమె గెలిచిన కప్పుల్ని రంగు డబ్బాల మధ్య పేర్చి, సున్నం కొనడానికి వచ్చినవాడిని కూడా నిలబెట్టి చూపించేవాడు.

ఆ వేసవిలో రెండు పెద్ద పోటీలు ఒకే వారంలో పడ్డాయి. చెన్నైలో ఒకటి, గ్రాండ్‌మాస్టర్లు ఆడేది, ఎవరైనా దిగొచ్చు. విజయవాడలో ఇంకోటి, రేటింగు పదహారు వందల లోపు ఉన్నవాళ్ళకే. రేటింగంటే ఆటగాడి బలానికి వేసే అంకె. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. సుదీప్తి అంకె ఆ గీతకు కాస్త కిందే ఉంది.

"చెన్నై పోదాం నాన్నా. ఒక్కసారైనా గ్రాండ్‌మాస్టర్ ఎదురుగా కూర్చోవాలి. ఓడినా సరే."

"ఓడటానికి చెన్నై దాకా ఎందుకే? విజయవాడలో కప్పు చూడు, నడుమెత్తు ఉంది!" అన్నాడు ఉమాపతి, కరపత్రం మీద వేలు పెట్టి.

ఆట నేర్పే జోసఫ్ మాస్టారు ఊరుకోలేదు. "ఉమాపతి గారూ, ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమట. పిల్లను ఆముదపు చెట్టు చేస్తారా?"

"మహావృక్షం అయిందా లేదా మాస్టారూ? అది చెప్పండి."

ఈలోగా తెనాలి కల్యాణ మండపంలో చిన్న పోటీ వచ్చింది. సుదీప్తి వరసగా గెలిచేసింది. ఆఖరి ఆటకు ముందు ఉమాపతి ఫోన్లో లెక్క వేసి బెంబేలెత్తాడు. ఇదీ గెలిస్తే అంకె పదహారు వందలు దాటుతుంది, విజయవాడ తలుపు మూసుకుంటుంది. కూతుర్ని చేతులు కడిగే కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఈ ఒక్కటీ ఓడిపో తల్లీ. తప్పుడు ఎత్తు వేస్తే జనం పట్టేస్తారు. ఆలోచిస్తున్నట్టు ఊరికే కూర్చో. మిగతాది గడియారం చూసుకుంటుంది."

గడియారం చూసుకుంటుందట! కత్తిని అడిగి ఎవడు పొడుస్తాడు కనుక?

ఒక్క ఎత్తు వేస్తే అవతలి రాజు పని అయిపోయేది. సుదీప్తి చేతులు ఒళ్ళో పెట్టుకుని, బల్లకేసి కాకుండా నాకేసి చూస్తూ కూర్చుంది. ఆగిపోవాలని నాకెంత ఉన్నా ఆగడం నా చేతిలో లేదు. సున్నా పడింది. బయట ఉమాపతి ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. ఆమె అదంతా తినేసింది. అది చూడలేకపోయాను.

విజయవాడ హాల్లో అడుగుపెట్టాక తెలిసింది, ఈ తెలివి ఒక్క ఉమాపతిదే కాదని. ప్రతి తండ్రీ తన పిల్లను గీత కింద అణిచిపెట్టి తెచ్చినవాడే. ఎటు చూసినా ఆముదపు చెట్లే. వాళ్ళందరినీ నరుక్కుంటూ సుదీప్తి ఆఖరి ఆటకు వచ్చింది. గెలిస్తే కప్పు ఆమెదే. ఉమాపతి అద్దాల తలుపుకు ముక్కు ఆనించి నిలబడ్డాడు.

అవతలివాళ్ళ మంత్రి పోయింది. ఇక ఒక్క ఎత్తు. సుదీప్తి చెయ్యి లేచింది, ఆగింది, ఒళ్ళోకి దిగింది. ఉమాపతి ముందు నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత అరచేత్తో అద్దం బాదడం మొదలుపెట్టాడు. నిర్వాహకులు రెక్క పట్టుకుని లాక్కెళ్ళారు. ఈసారి నేను ఆగాలనుకోలేదు. సున్నా పడింది.

"గెలిచిన ఆట గదే! ఎందుకు చేశావే?"

"ఓడటానికి చెన్నై దాకా ఎందుకన్నావుగా నాన్నా. ఇక్కడే ఓడాను."

దెబ్బ తగిలిందని లోలోపల సంబరపడ్డాను. మనుషుల్ని తక్కువ అంచనా వేశాను. తిరుగు ప్రయాణంలో ప్యాసింజరు రైలు దుగ్గిరాలలో ఆగింది. అక్కడ ఉమాపతి ఫోను తీసి లెక్క వేశాడు. మొహం చాటంత అయింది.

"పోన్లే తల్లీ, మంచే జరిగింది! గెలిచుంటే గీత దాటేసేదానివి. వచ్చే ఏడు కూడా ఇందులోనే ఆడొచ్చు."

సుదీప్తి నన్ను బయటికి తీసి, వెనక మూత తెరిచి, బ్యాటరీలు పీకి వాటిని కిటికీలోంచి విసిరేసింది. ఆ తర్వాత మళ్ళీ ఏనాడూ బల్ల ముందు కూర్చోలేదు.

ఇప్పుడు కొట్లో పై అరలో కప్పుల వెనక ఉన్నాను. లెక్కపెట్టడం మానేశాను గానీ చెవులు పనిచేస్తున్నాయి. ఏటా ఎండాకాలం కరపత్రం రాగానే ఉమాపతి కొట్టుకు వచ్చినవాళ్ళకు గర్వంగా చెబుతుంటాడు.

"మా అమ్మాయిది ఇప్పటికీ పదహారు వందల లోపేనండీ. ఈ ఏడు కూడా ఆడొచ్చు."