ఎడమ పన్ను

పొద్దున లేవగానే నా మొదటి పని అత్తగారి పళ్ళు తోమడం. రాత్రంతా గిన్నెలో నానిన కట్టుడుపళ్ళు తీసి, మెత్తటి బ్రష్షుతో లోపలా బయటా రుద్ది, కడిగి ఆమె చేతికిస్తాను. "జాగ్రత్తమ్మా, మావాడు కట్టించినవి" అంటుంది బోసినోటితో. పళ్ళు పెట్టుకున్నాక అదే మాట ఇంకాస్త స్పష్టంగా అంటుంది. ఆ పళ్ళు కట్టింది నేను. కొలత తీసింది డాక్టరు. ఆ కొలతతో పోసిన అచ్చు మీద ఒక్కొక్క పన్నే మైనంలో గుచ్చి, కింది పన్ను మీద పై పన్ను కుదురుగా కూర్చునేలా సర్దింది నేను. మా ఆయన చేసిందల్లా ఆమెని బండి మీద తీసుకెళ్ళి తీసుకురావడం. మూడేళ్ళుగా చుట్టాలందరికీ ఆమె నవ్వి చూపిస్తోంది. "మా అబ్బాయి కట్టించాడు." నేను పక్కనే టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంటాను.

ఒక్క విషయంలో ఆమెకి లోటు చేశాను. అది ఆమెకి తెలీదు. మా అమ్మకి పైన ముందు రెండు పెద్ద పళ్ళ పక్కన, ఎడమవైపు చిన్న పన్ను కాస్త తిరిగి ఉండేది. వెంట్రుకవాసి. నవ్వితే దాని అంచు పెద్ద పన్ను మీదికి ఎక్కినట్టుండేది. కుడివైపు పన్ను తిన్నగానే ఉండేది. అమ్మ పోయిన ఏడాదే నేను ఈ ల్యాబ్‌లో చేరాను. గీత గీసినట్టు పెడితే అది బొమ్మ నోరు అవుతుంది, ఎక్కడో ఒక వంకర ఉండాలి అని పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. ఆ వంకర కోసం నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. అప్పటినుంచి నేను కట్టిన ప్రతి పై పలువరసలోనూ ఎడమ పన్ను తిరిగే ఉంటుంది. ముక్కూ మొహం తెలియని ముసలివాళ్ళు మా అమ్మ నవ్వు నవ్వుతూ తిరుగుతున్నారు. అత్తగారికి మాత్రం తిన్నగా పెట్టాను. ఇవ్వబుద్ధి కాలేదు.

ఇప్పుడు నాకు ఆరో నెల. బ్యాగులో మెమో ఉంది. సంస్థ అనుమతి లేకుండా బయట ఇదే పని చేస్తున్నట్టు తెలిసిందనీ, ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదో సోమవారంలోగా రాసి ఇవ్వాలనీ అందులో ఉంది. ఉద్యోగం పోతే కాన్పుకి వచ్చే జీతంతో కూడిన సెలవూ పోతుంది. ఈ పొట్టతో నన్ను ఇంకొకరు పనిలో పెట్టుకోరు. మా ఆయన ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. "ఒకడి ముందు చేతులు కట్టుకుని నిలబడడం నావల్ల కాదు" అని మానేశాడు. నా వల్ల అవుతుందా అని ఎవరూ అడగలేదు.

ఆ ఎనిమిది నెలల నుంచే రెండో పని. వెనక వీధిలో ఒక డాక్టరమ్మ కొత్తగా క్లినిక్ తెరిచింది. ఆమె అచ్చులు పంపితే సాయంత్రం వంటింటి గట్టు మీద, స్పిరిట్ దీపం పెట్టుకుని పళ్ళు సర్ది ఇచ్చేదాన్ని. ఒక పక్క పొయ్యి మీద కూర, ఇంకో పక్క ఎవరిదో దవడ. "కడుపుతో ఉన్నదానివి, ఆ మంట దగ్గర కూర్చోకు" అనేది అత్తగారు. అంటూనే, "పాలు పొంగుతాయేమో చూడు" అనేది. మా ఆయనైతే, "ఇంట్లో కూర్చుని మైనం బొమ్మలు చేసుకునేదానికి అలసట ఏంటి?" అన్నాడొకసారి. పెళ్ళికి ముందు ఆయన ఒక ఏడాది రెండు ఉద్యోగాలు చేశాడట. ఆ కథ ఇంట్లో వారానికోసారైనా వినబడుతుంది. రెండు ఉద్యోగాలు చేసినప్పుడు ఆయన బంగారం. నేను చేస్తే, "ఆశ ఎక్కువ దీనికి." మా ల్యాబ్‌లో పింగాణీ పళ్ళు కాల్చే మనిషి ఉన్నాడు. కొలిమాయన అంటాం. రోజూ పొద్దున వేరే ల్యాబ్‌లో రెండు గంటలు పనిచేసే వస్తాడు. అది మా యజమానికీ తెలుసు. "కష్టజీవి" అంటాడు ఆయన.

నేను దొరికింది నా నోటివల్లే. బుధవారం ఒక మనిషి పగిలిన పలువరస తెచ్చాడు. చేతులు కడుక్కునే తొట్టిలో పడి రెండు ముక్కలైందట. డాక్టరమ్మ ఊళ్ళో లేదు. ఆమె దగ్గర పనిచేసే ఈ మనిషి దగ్గర్లో ఏ ల్యాబ్ ఉంటే అక్కడికి పట్టుకొచ్చాడు. అది మా ల్యాబ్. అంతకుముందు ఆ క్లినిక్ పని మాకెప్పుడూ రాలేదు. యజమాని కుడి ముక్క నా బల్ల మీద పెట్టాడు. రెండో ముక్క మడత కాగితంలో ఆయన చేతిలోనే ఉంది.

"సోమవారం ఆ డాక్టరమ్మ వచ్చేసరికి అతకాలి. అవుతుందా?"

ముక్క చేతిలోకి తీసుకున్నాను. మొదటి చూపులోనే పోల్చుకున్నాను. పోల్చుకున్నదాన్ని నోరు మూసుకోవాల్సింది. "అవుతుంది సార్. ఆ ఎడమ ముక్కలో చిన్న పన్ను తిరిగి ఉంటుంది. తప్పనుకుని దాన్ని ఎవరూ తిన్నగా చెయ్యకుండా చూడండి" అన్నాను.

కొలిమాయన పెద్దగా నవ్వాడు. "కాగితం విప్పకుండానే చూసేసింది. అక్కవి కళ్ళు కావు, ఎక్స్‌రే మిషను."

అందరూ నవ్వారు. యజమాని నవ్వలేదు. కాగితం విప్పి పన్ను చూశాడు, నన్ను చూశాడు. సాయంత్రానికి మెమో ఇచ్చాడు. ఈలోగా ఆ పలువరస అతికించింది కూడా నేనే. నా మీద సాక్ష్యాన్ని నేనే గీత కనబడకుండా అతికించి, మెరుగుపెట్టి ఆయన బల్ల మీద పెట్టాను.

ఇక పిట్ట సంగతి. ఎనిమిదేళ్ళ కిందట ఆ అమ్మాయి మా ల్యాబ్‌లో చేరినప్పుడు సన్నగా, చురుగ్గా ఉండేదని అందరం అలా పిలిచేవాళ్ళం. ఇప్పుడు ఆమె మా సూపర్‌వైజర్. అందరూ మేడమ్ అంటారు. నేను మనసులో ఇంకా పిట్ట అనే అనుకుంటాను. మైనం ఎంత వేడి ఉండాలో, కత్తి ఎలా పట్టుకోవాలో నేర్పింది నేను. ఆమెకి వేరే గది ఉంది. వీపు ఆనించుకునే చక్రాల కుర్చీ ఉంది. నాది వీపులేని స్టూలు. ఆరో నెలలో ఆ స్టూలు మీద కూర్చుంటే నడుము ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలీదు. ఆమె గోళ్ళు పెంచింది. మైనం పనిచేసేవాళ్ళు గోళ్ళు పెంచలేరు, ప్రతి పన్ను మీదా గీత పడుతుంది. ఆ గోళ్ళు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. సాయంత్రం ఆమె భర్త వచ్చి గుమ్మం దగ్గర ఆమె చేతిలో బ్యాగు అందుకుంటాడు. అంత చిన్న బ్యాగు. అది కూడా చూస్తాను. చూడకూడదనుకుంటూనే కిటికీ పక్కన నిలబడి చూస్తాను. నా అసూయకి సిగ్గు లేదు. ఎనిమిదేళ్ళలో నేను శ్రద్ధగా పెంచుకున్నది అదొక్కటే.

యజమాని గదిలో తాళం వేసిన అద్దాల పెట్టె ఉంది. అందులో ఒక పలువరస ఉంది. నాలుగేళ్ళ కిందట ల్యాబులన్నిటికీ పోటీ పెడితే మాకు మొదటి బహుమతి తెచ్చింది అదే. కింద పిట్ట పేరు. అప్పుడు నాకు నాలుగో నెల. అది మొదటిసారి. పని అయిపోయాక మూడు సాయంత్రాలు ఉండిపోయి పళ్ళన్నీ సర్దాను. నాలుగో రోజు పోటీకి పంపాలి. ఆ రోజు పొద్దున నేను ఆసుపత్రిలో ఉన్నాను. బిడ్డ నిలవలేదు. మిగిలిన మెరుగు పని పిట్ట చేసి, ఫారం నింపి పంపింది. తర్వాత బత్తాయిలు కొనుక్కుని నన్ను చూడ్డానికి వచ్చి, మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. "నువ్వేమో ఇక్కడున్నావు. ఫారంలో ఎవరిదో ఒకరి పేరు రాయాలి కదా అక్కా." నేను పరవాలేదన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఆమెని క్షమించే మాట ఇంక ఎక్కడిది? ఆరు నెలలకి ఆమెని సూపర్‌వైజర్ని చేశారు.

శుక్రవారం పిట్ట నన్ను తన గదికి పిలిచింది. లేచి, తన కుర్చీ నావైపు తోసింది.

"కూర్చో అక్కా."

"పరవాలేదు, చెప్పు."

"ముందు కూర్చో. మొహం చూడు ఎలా పాలిపోయిందో."

కూర్చున్నాను. వీపుకి ఆనింపు దొరికింది. ప్రాణం లేచొచ్చింది. అందుకు ఆమె మీద ఇంకా కోపం వచ్చింది.

"సార్‌తో మాట్లాడాను" అంది. "ఆ డాక్టరమ్మ క్లినిక్ తెరిచిన కొత్తలో, మనకి పని పంపుతుందని ఆశపడి, ఒక సెట్ నేనే ఊరికే కట్టిచ్చానని చెప్పాను. రిజిస్టరులో ఎక్కించకపోవడం నా తప్పే అన్నాను. కట్టేటప్పుడు నువ్వు పక్కనుండి చూశావు, అందుకే నీకు గుర్తుంది."

"నమ్మాడా?"

"నా మాట తీసెయ్యడు. నావి కావు అని నువ్వు ఒక ముక్క రాసిచ్చెయ్. అక్కడితో అయిపోతుంది."

"నువ్వు కట్టావంటే చూసినవాళ్ళు నమ్ముతారా?"

"ఎందుకు నమ్మరు? నీ చెయ్యే కదా నా చెయ్యి." నవ్వింది. "నీ వంకర పన్ను నేనూ పెడతానుగా."

పెడుతుంది. రెండువైపులా పెడుతుంది. ఎడమా, కుడీ, అద్దంలో చూసుకున్నట్టు సమానంగా తిప్పి పెడుతుంది. ఒక పక్కే తిరిగి ఉండాలని ఎనిమిదేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా గమనించలేదు. ఆమెకి అది అలంకారం. నాకది ఒక మనిషి నోరు. నేనూ ఆమెకి చెప్పలేదు. అన్నీ నేర్పాను, అది ఒక్కటి దాచుకున్నాను.

ఇంటికి నడుస్తూ ఆమె చేసిన మేలు గురించే ఆలోచించాను. నా కోసం అబద్ధం ఆడింది. నా తప్పు తన మీద వేసుకుంది. అద్దాల పెట్టె సంగతి బయటపడుతుందని భయపడి చేసిందేమో అని ముందు అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. కానీ ఒక పక్క పన్ను సంగతే తెలియనిదానికి భయం ఎక్కడినుంచి వస్తుంది? నిజంగానే జాలిపడి ఉంటుంది. నిజమైన జాలి అయితే మరీ భరించలేను. నా కుర్చీ, నా బహుమతి ఎప్పుడో ఆమెవి అయ్యాయి. ఇప్పుడు నా దొంగ పని కూడా ఆమె పేరు మీదే ఉండాలన్నమాట. దయగల మనిషి అన్న పేరు అదనం.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి, కాగితం పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

"అయ్యా, సదరు పళ్ళు నావి కావు. అంతే. మూడు ముక్కలు. ఇంత ఆలోచన దేనికి?"

"అవి నావే."

"నీవని వాటి మీద పేరేమైనా రాసి ఉందా? లేదుగా. నీకేం పోతుంది?"

అత్తగారు పక్క కుర్చీలో పండు ముక్కలు నములుతోంది. "ఆ పిల్ల ఎవరో గాని మంచి పిల్లమ్మా. సొంత చెల్లెలు కూడా చెయ్యదు ఈ రోజుల్లో. రాసెయ్. ఎవరు కడితే ఏముంది, నమలడానికేగా."

"అత్తయ్యా, మీ పళ్ళు ఎవరు కట్టారు?"

ఆమె నమలడం ఆపి నన్ను వింతగా చూసింది. "అదేం ప్రశ్న? మావాడు."

మా ఆయన కాదనలేదు. బల్ల మీద వేలితో కొడుతూ, "రాయి, రాయి, పొద్దుపోతోంది" అన్నాడు. లోపల బిడ్డ ఒకసారి తన్నింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. రేపు ఇది పుట్టాక కూడా ఇలాగే అంటారు. మావాడి బిడ్డ అంటారు. అత్తగారి పోలిక అంటారు. మా అమ్మ పోలిక అని చెప్పేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. ఆమె నవ్వు చూసినవాళ్ళెవరూ లేరు. అది నా వేళ్ళలో మాత్రమే ఉంది. నావి కావు అని రాస్తే సెలవొస్తుంది, జీతమొస్తుంది, ఇంట్లో అందరికీ ఊపిరొస్తుంది. ఆ పన్ను మాత్రం పిట్టది అయిపోతుంది. ఈసారి నేనే సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది.

ఉత్తరం రాసి మడిచాను. మా ఆయన చూపించమన్నాడు. మూడు ముక్కలేగా అన్నాను. వెళ్ళి పడుకున్నాడు.

సోమవారం పొద్దున అత్తగారి పళ్ళు తోమి ఇచ్చి, ల్యాబ్‌కి వెళ్ళాను. యజమాని ఉత్తరం నిలబడే చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదువుతూ కూర్చున్నాడు. నేను అందులో ఇలా రాశాను.

"అయ్యా, మీ బల్ల మీదున్న పలువరస నేను కట్టిందే. సూపర్‌వైజర్ గారికి దానితో సంబంధం లేదు. ఎనిమిది నెలలుగా సాయంత్రాలు ఇంట్లో పనిచేస్తున్నాను. నిబంధన తెలిసే చేశాను. మీరు తీసుకునే చర్య ఏదైనా, బయట పనిచేసే అందరి మీదా ఒకేలా తీసుకోవాలని కోరుతున్నాను. నేను కట్టినవాటిలో ఎడమవైపు చిన్న పన్ను ఒక్కటే తిరిగి ఉంటుంది. ఆవిడ కట్టినవాటిలో రెండువైపులా తిరిగి ఉంటాయి. నమ్మకం లేకపోతే దీన్ని అద్దాల పెట్టెలో ఉన్నదాని పక్కన పెట్టి చూడండి. అదీ నాదే."

"ఇది రాస్తే ఏమవుతుందో తెలుసుగా?" అన్నాడు.

"తెలుసు సార్."

"ఈ స్థితిలో..." అని నా పొట్టవైపు చూసి ఆగిపోయాడు.

తలుపు దగ్గర చక్రాల చప్పుడైంది. పిట్ట తన కుర్చీ తోసుకుంటూ వచ్చింది. "ఎంతసేపు నిలబెడతారు సార్ అక్కని?" అంటూ దాన్ని నా వెనకే తెచ్చిపెట్టింది. వీపు ఆనింపు నా నడుముకి తగిలింది. మెత్తగా ఉంది.

నేను కూర్చోలేదు.

"పెట్టె తాళం తియ్యండి సార్" అన్నాను.