పేర్లడిగే మనిషి

సముద్రం కట్ట తెంచుకుని ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ పల్లెల మీద పడిన తర్వాత మూడో ఏడు, బీట్ దుంపలు తవ్వే రోజుల్లో, ఈనాక్ మావర్ ఇంటికి సైకిల్ మీద ఒకాయన వచ్చాడు.

అప్పట్లో కొత్త మనిషి కనబడితే ఈనాక్‌కు ఒళ్లు మండేది. ఉప్పునీళ్లు తాగిన ఇళ్లు మనుషులుండటానికి పనికిరావని కౌన్సిల్ వాళ్లు ఒక్కొక్కటే కూలగొట్టిస్తున్నారు. పక్కింటి లామింగ్ దగ్గరికీ ఇలాగే ఒక మర్యాదస్తుడు వచ్చాడు. టీ తాగాడు, గోడల మీద వేళ్లతో కొట్టి చూశాడు, వెళ్లాడు. తర్వాత తలుపుకు కాగితం అంటించారు. ఇప్పుడక్కడ ముళ్లపొదలు.

ఈనాక్ ఇంటి గోడకూ నడుమెత్తున నీటి చార ఉంది. ఎంత సున్నం కొట్టినా మళ్లీ తేలుతుంది. గిన్నెల బీరువా దానికి అడ్డంగా పెట్టాడు. తండ్రి కట్టిన ఇల్లది. అందులోనే కన్నుమూయాలని అతని పట్టుదల.

వచ్చినాయన పేరు టార్డాఫ్. యూనివర్సిటీ మనిషినన్నాడు. పల్లెల్లో పాత మాటలు పోతున్నాయని, పోకముందే రాసుకుంటున్నానని చెప్పాడు. ఈనాక్ అక్క కెజయా అతనికి కుర్చీ వేసింది. ఈనాక్ బీరువాకు వీపు ఆనించి కూర్చున్నాడు.

“తలుపు తీయాలంటే దీన్ని పైకెత్తుతారు కదా. దీన్నేమంటారు?” అన్నాడు టార్డాఫ్, తలుపు గడియ చూపిస్తూ.

“మీ ఇంటికి తలుపు లేదా బాబూ?”

“ఉంది. కానీ పేరు నా నోటితో నేను చెప్పకూడదు పెద్దాయనా. మీరే చెప్పాలి. మా పద్ధతి అంతే.”

ఈనాక్ బీరువాకు ఇంకా గట్టిగా ఆనుకున్నాడు. పోలీసులు దొంగను అడిగేదీ ఇలాగే. తెలిసింది అడిగేవాడు తెలియనిదేదో లాగడానికే వచ్చి ఉంటాడు. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

“లాచ్,” అన్నాడు, బడిలో నేర్పిన పట్నం మాట.

టార్డాఫ్ నీరసంగా రాసుకున్నాడు. “వాన పడితే చూరు నీళ్లు దేంట్లోకి దిగుతాయి?”

“ఈ ఇంట్లోకి మాత్రం దిగవు.”

“ఉతికిన బట్టలు సరిగా ఆరకపోతే ఏమంటారు?”

“మా ఇంట్లో అన్నీ ఆరతాయి. గోడలతో సహా. రాసుకో.”

“ఆయన అడిగేదేంటి, నువ్వు చెప్పేదేంట్రా?” అంది ఎండుద్రాక్ష రొట్టె కోస్తున్న కెజయా.

టార్డాఫ్ మూల వైపు చూపించాడు. “పిండి కలిపే ఆ పెద్ద మట్టి పాత్ర?”

“బేసిన్.”

కెజయా కత్తి బల్ల మీద పడేసింది. “బేసినా? అమ్మ ఉంటే దాంతోనే నీ నెత్తి బద్దలు కొట్టేది! పాంచన్ బాబూ అది, పాంచన్. వీడికి మొదటి స్నానం చేయించిందీ అందులోనే. ఇప్పుడు బేసినంట, దొరగారికి!”

టార్డాఫ్ ముఖం వెలిగిపోయింది. మళ్లీ అనమన్నాడు. ఇంకోసారి అనమన్నాడు. పెన్సిల్ పరుగులు పెట్టింది.

ఈనాక్ కళ్లార్పకుండా చూశాడు. ఒక కుండ పేరుకు ఇంత సంబరమా? ఇది కౌన్సిల్ నాటకమైతే ఇప్పుడే తేల్చుకోవాలి. లేచి బీరువాకు భుజం ఆనించి తోశాడు. గిన్నెలు గలగలమన్నాయి. గోడ మీద చార బయటపడింది.

“మతి పోయిందా నీకు?” అంది కెజయా.

“నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి,” అన్నాడు ఈనాక్, టార్డాఫ్ కళ్లలోకే చూస్తూ.

“అయ్యో, చాలా అవస్థ పడి ఉంటారు.” టార్డాఫ్ చారను చూసి తలూపాడు. కుర్చీలోంచి లేవలేదు, గోడను తాకలేదు. కెజయా వైపు తిరిగాడు. “అమ్మా, పాంచన్‌లో పిండి పొంగుతుంటే పైన కప్పుతారే, ఆ గుడ్డనేమంటారు?”

వెళ్తూ టార్డాఫ్, రేపు కొట్టంలోని పనిముట్ల పేర్లు అడగడానికి రావచ్చా అన్నాడు.

“పక్కా దొంగైనా అయ్యుండాలి, పిచ్చోడైనా అయ్యుండాలి,” అన్నాడు ఈనాక్, సైకిల్ మలుపు తిరిగాక.

“నీకంటే పిచ్చోడా?” అంది కెజయా.

మర్నాడు పొద్దున్నే ఈనాక్ బీరువాను మళ్లీ చారకు అడ్డంగా జరిపాడు. కొట్టంలోంచి పారలూ కొడవళ్లూ తెచ్చి, మట్టి తుడిచి, వాకిట్లో వరసగా పెట్టాడు. సైకిల్ ఆగీ ఆగకముందే గొంతెత్తాడు.

“నిన్న తలుపుకు లాచ్ అని చెప్పింది కొట్టెయ్. మేం దాన్ని స్నెక్ అంటాం.”

ఇంట్లోకి మాత్రం రమ్మనలేదు.