కింది అంచు

టిఫిన్ గిన్నెలు తోమేశాక, మామయ్య స్నానం ముగించుకుని కిందికి దిగేలోపు నాకు అరగంట దొరుకుతుంది. ఇంటి కిందే మా చెక్క బీరువాల షెడ్డు. ఆ అరగంటలో కోత మిషన్ ప్లగ్గు పీకేసి, బల్ల మధ్య రేకు తీసి, లోపలున్న చిన్న బ్లేడును సరిచేస్తాను. రోజు మొత్తంలో నన్నెవరూ పిలవని అరగంట అది. మూడేళ్ళుగా ఎవరి కంటా పడకుండా కాపాడుకొస్తున్నాను.

పెద్ద బ్లేడుకు ముందు అరచేతంత ఉంటుంది ఈ చిన్నది. పలక అడుగున గోరుమందం గాడి గీస్తుంది, అంతే దాని పని. ఆ గాడి ఉంటేనే పెద్ద బ్లేడు అడుగు పూతను పెచ్చులు లేపకుండా కోస్తుంది. రెండూ ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, ఒక అంచు చెదురుతుంది. ఎత్తు ఎక్కువైందా, గాడి వెడల్పై అంచున మెట్టు పడుతుంది. ఒక ముక్క కోసి, ఆపి, తిరగేసి చూసి, స్క్రూ కాస్త తిప్పి, మళ్ళీ కోసి చూడాలి. విసుగు పని అనుకుంటారు గానీ నాకు మాత్రం మనసు నెమ్మదించేది అక్కడే.

పలకలు తోసి కోసేది మా ఆయన. బ్లేడు పెట్టేది మాత్రం మామయ్యేనని ఊరంతా పేరు. మొదట్లో నిజంగా ఆయనే పెట్టేవారు. “ఆ ముక్క తిరగేసి చూడమ్మా, ఎటు చెదిరింది?” అని అడుగుతూ నాకు తెలియకుండానే పని నేర్పారు. ఒకరోజు ముక్క తానే చూసుకుని స్క్రూ తప్పువైపుకు తిప్పేశారు. అంచు ఆయన కంటికి ఆనడం లేదని అప్పుడర్థమైంది. నలభై ఏళ్ళుగా ఇదే పని చేసిన మనిషి, ఎవరికీ చెప్పుకోలేదు. నేనూ చెప్పలేదు. మర్నాటి నుంచి ఆయనకన్నా ముందే దిగుతున్నాను. ఆయనొచ్చి స్క్రూ మీద ఓసారి వేలు పెట్టి, “ఊఁ, కదల్లేదు” అంటారు. “మీ చేతి కోతే వేరండీ” అని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే తల దించుకుంటారు. టీ కప్పులతో నిలబడ్డ నాకు సంతోషమూ కలిగేది, కడుపులో కాస్త మంటా పుట్టేది. రెండూ నిజమే.

నిన్న భోజనాల దగ్గర మా ఆయన అన్నాడు, “నాన్నకి ఓపిక తగ్గింది. రేపు ఒక ఆపరేటర్ వస్తున్నాడు. నచ్చితే మిషన్ అతనికి అప్పజెప్పేద్దాం.”

“ఆ పని నాకొచ్చు,” అన్నాను.

“నీకేం వచ్చు, నాన్నకి టీ అందించడమేగా? ఇంటి పనికే అలిసిపోతున్నావు, ఇదొకటా నీకు?”

జాలిగానే అన్నాడు. కోపంగా అనుంటే జవాబు దొరికేదేమో. నా అరగంట కూడా పోతోందని రాత్రంతా దిగులుపడ్డాను.

పొద్దున్న ఆపరేటర్ వచ్చాడు. కొత్తగా సానబట్టించిన పెద్ద బ్లేడు బిగించాడు. సాన పడితే బ్లేడు రవ్వంత సన్నబడుతుంది, చిన్నదాన్నీ ఆ మేరకు కిందికి దించాలి. అతను దాని జోలికే పోలేదు. ఒక పలక కోసి, పైన చెయ్యి వేసి, “అద్దమండీ” అన్నాడు. మా ఆయనా పైనే చూసి తలూపాడు. నేను టీ ట్రేతో పక్కనే నిలబడ్డాను.

మామయ్య ఆ ముక్క అందుకుని తిరగేశారు. కింది అంచు వెంట బొటనవేలు నడిపించి ఆగారు.

“ఇది మా కోడలి కోత కాదు.”

మా ఆయన నవ్వాడు. “కోడలేంటి నాన్నా, పెట్టేది నువ్వేగా?”

“మూడేళ్ళుగా నాకు అంచు కనబడట్లేదురా. అమ్మాయే పెడుతోంది. వేలికి తెలీదా నాకు? పేరు పోతుందని నోరు మూసుకున్నా. దాని పనికి నా పేరు పెట్టుకుని తిరిగా.”

బయటి మనిషి ముందు అన్నారామాట. ట్రే పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాను. మామయ్య మీద నాకంత ప్రేమ ఎన్నడూ పుట్టలేదు.

తర్వాత అందరూ చూస్తుండగా ప్లగ్గు పీకి, చిన్న బ్లేడు దించి, మళ్ళీ కోసి ముక్క మామయ్యకిచ్చాను. ఆయన వేలు ఎక్కడా ఆగలేదు. ఆపరేటర్ కూడా తిరగేసి చూసి, “నాకూ చూపించండమ్మా” అన్నాడు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. “ఇంట్లోనే మనిషుంటే బయటివాళ్ళెందుకు! నువ్వు ఇంకో గంట ముందు లేచి వంట ముగించుకున్నావంటే సరిపోతుంది.”

నాకేదో బహుమతి ఇచ్చినట్టే అన్నాడు, పిచ్చి మనిషి.

“ఈయన్ని ఉంచు, పలకలెత్తడానికి మనిషి కావాలి. మిషన్ మాత్రం నాది, తొమ్మిదింటి నుంచి ఆరింటిదాకా,” అన్నాను.

“మరి వంట?”

“ఆరింటికి వంటింట్లోకి రా, పక్కనే ఉండి నేర్పిస్తా. బాగా కుదిరిన రోజు, చేసింది నువ్వేనని అందరికీ నేనే చెబుతా.”