లోపలి గదిలో హార్డ్‌డిస్క్

దొండకాయలు తరుగుతుంటే షాపు నుంచి మా ఆయన మహేశ్వర్ ఫోన్ చేశాడు.

"సూర్యాపేట మేడమ్ వచ్చింది. డిస్క్ సంగతి ఏమైందని అడుగుతుంది."

"ఇంకా అయితలేదు. సగం కాపీ అయింది, వేడెక్కిందని ఆఫ్ చేసి పెట్టిన. నేనొచ్చేదాక ముట్టుకోకు."

"సరే తీ. వంట ఖతం చేసే రా. అమ్మ గోళీలు ఏసుకోవాలె."

మిర్యాలగూడలో మాది కంప్యూటర్ రిపేరు షాపు. ముందు గదిలో ఆయన, లోపలి గదిలో నేను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది నేను. చెడిపోయిన హార్డ్‌డిస్కుల్లోంచి పెళ్లి ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు బయటికి తీసేది నేను. అవి చేతికి అందగానే జనం ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతారు. పెళ్లయిన కొత్తలో నాకూ జీతం రాయమని అడిగితే మా అత్త మణెమ్మ నవ్వింది. "ఇంట్ల మనిషికి జీతమేంది బిడ్డా, కూసొని చేసే పనేనాయె" అంది. ఆ కుర్చీలో కూర్చునేలోపు నేను నిలబడి ఎన్ని పనులు చేసి వస్తానో ఆమెకు తెలుసు. ఆమె కళ్ల ముందే చేస్తాను.

సూర్యాపేట మేడమ్ పేరు వసంత. డిగ్రీ కాలేజీ లెక్చరర్. మేళ్లచెరువు వైపు సున్నపురాయి కొట్టిన ముసలమ్మలతో మాట్లాడి రికార్డు చేసుకున్న మాటలన్నీ ఆమె రిపేరుకిచ్చిన ల్యాప్‌టాప్ డిస్క్‌లో ఉన్నాయి. ఆమె పీహెచ్‌డీ వాటి మీదే. ఇంకో కాపీ లేదా అని మహేశ్వర్ అడిగితే, "ఉండె. సినిమాలకు జాగ చాలట్లేదని మా ఆయన తీసేసిండు" అంది. మహేశ్వర్ నవ్వాడు. లోపలి గది కర్టెన్ ఇవతల ఉన్న నాకు నవ్వు రాలేదు.

అత్తకు అన్నం పెట్టి, గోళీలు ఇచ్చి షాపుకు వెళ్లేసరికి గుమ్మంలోనే ఆ చప్పుడు వినిపించింది. డిస్క్ లోపల సూది లాంటిది ఒకటి ఉంటుంది. అది ఫైళ్లుండే గుండ్రటి పళ్లెం మీద గీరుకుపోతున్న చప్పుడు. పరుగెత్తి వైరు పీకేశాను.

"మేడమ్‌కు జర చూపిద్దామని పెట్టిన" అన్నాడు మహేశ్వర్ మెల్లగా. "రాకపోతే మళ్ల మళ్ల ఆన్ చేసిన."

వసంత లేచి నిలబడింది. "ఏమైంది?"

ఆయన వెంటనే ఆమె వైపు తిరిగాడు. "మా మిసెస్ నిన్న దీన్ని కెలికింది మేడమ్. ఆడోళ్లు కదా, తొందర. లేకుంటే వచ్చేదే."

బాగైన డిస్కులన్నీ ఆయనవి, పాడైన ఒక్కటి నాది. ఇది మొదటిసారి కాదు. కూర బాగుంటే మా అత్త నేర్పినట్టు, మాడితే మా అమ్మ నేర్పనట్టు. పిల్లకు మార్కులొస్తే వాళ్ల నాన్న తెలివి, తప్పితే నా పెంపకం. ప్రతిసారీ, నలుగురిలో ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ నలుగురికీ ఇప్పటిదాకా నేనెవరో తెలియదు. వసంత నన్ను చూసింది. కోప్పడడానికి కూడా ఓపిక లేని చూపు అది.

"మేడమ్, ఈ షాపుల డిస్కులు చేసేది నేను" అన్నాను. "ముట్టుకోవద్దని పొద్దుగాల చెప్పిన. ఆన్ చేసింది ఆయన."

"శోభా, గిరాకి ముందట గిదేం మాట?"

"జరిగిన మాట."

వసంతను లోపలి గదిలోకి పిలిచి, నిన్న కాపీ అయిన వాటిలో ఒకటి వినిపించాను. ఒక ముసలి గొంతు: "ఆ దుమ్ములనే కూసొని పిల్లకు పాలిచ్చిన బిడ్డా. పాలిచ్చిన సేపటికి కూలి కోసిండ్రు."

వసంత కళ్లు తుడుచుకుంది. "ఈమె పోయినేడు చనిపోయింది. మిగిలినయి రావా ఇగ?"

"ఈడ కాదు. హైదరాబాద్‌ల దుమ్ము లేని గదిల ఇప్పి సూది మార్చేటోళ్లున్నరు. గీతలు పడనికాడివి రావచ్చు."

"వాళ్లకు నేనేం చెప్పాలె? నాకేం తెల్వదు."

"నేనొస్త, పోదాం పాండ్రి."

మహేశ్వర్ గుమ్మం దాకా వచ్చాడు. "మరి రాత్రికి అమ్మకెవలు పెడ్తరు?"

"కొడుకువి, నువ్వున్నవ్ గద."

హైదరాబాద్‌లో ఆ షాపతను డిస్క్‌ను పరీక్షించి చూశాడు. చాలావరకు వస్తాయి, కొన్ని ఇక రావు అన్నాడు. ఏ ముసలమ్మ మాటలు పోయాయో తెలియాలంటే వారం ఆగాలి. సాయంత్రం తిరుగు బస్సులో వసంత కిటికీకి తల ఆనించి కూర్చుంది. నాకు ఊరట కంటే కోపమే ఎక్కువగా ఉంది. ఆయన ఒక్క పూట ఆగి ఉంటే ఏదీ పోయేది కాదు.

నార్కట్‌పల్లి దాటాక ఫోన్ మోగింది.

"శోభా, ఇంకో గిరాకి వచ్చిండు. హార్డ్‌డిస్క్ టక్కు టక్కుమంటుందట. ఏం చెప్పాలె?"

"చేసే మనిషి ఊళ్ల లేదని చెప్పు. ఎవలని అడిగితే నా పేరు చెప్పు."