పెంచిన పన్నెండు వరసలు

లెక్కలో నేను తప్పను. డబ్బా కొట్టుకోవడం కాదు, మా ఎడారి వైపు ఎవరినడిగినా చెబుతారు. క్రోషే సూది చేతిలో ఉంటే మేకల్ని అదిలిస్తూ, కూతుర్ని తిడుతూ, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ కూడా కుట్టు వదలను. ఈడేరినప్పుడు ఏడాదిపాటు గదిలో కూర్చోబెట్టి మా అమ్మ నేర్పిన విద్య ఇది. ఒక్క కుట్టు తప్పితే మొత్తం విప్పించేది. అప్పుడు ఏడ్చాను గానీ, ఆ తర్వాత ఆ లెక్కనే నమ్ముకుని బతికాను. నా కొంప ముంచింది కూడా అదే.

ఆ ఏడుతో వానలు మూడోసారి ఎగ్గొట్టాయి. నీళ్ళగుంట అడుగంటి పగుళ్ళిచ్చింది. ముప్పై మేకల్లో నాలుగు మిగిలాయి, వాటికీ పాల్లేవు. ఆ కరువులోనే మా అమ్మాయి సెనైదా ఆడపిల్లని కంది. దాంతో దాని మూడేళ్ళ కొడుక్కి, మా బుడ్డోడికి, తల్లిపాలు ఆగిపోయాయి. వాడు నా దగ్గరికి చేరాడు, నేను పడుకునే ఊయల్లోనే పడుకునేవాడు. పొద్దున మొక్కజొన్న జావ, మధ్యాహ్నం మొక్కజొన్న జావ, సాయంత్రం ఉంటే అదే. కడుపు నిండుతోంది కదా, చాల్లే అనుకునేదాన్ని.

వాడు ఈ కరువు దాటాలి, నాకింకేం అక్కర్లేదు. ముందటేడు పక్క కంచెలో ఇద్దరు పిల్లలు పోయారు; కంచె అంటే మాలో ఒక ఇంటివాళ్ళ గుడిసెల గుంపు. పొట్ట వెన్నుకంటుకుపోయి, పక్కటెముకలు తేలి, పుల్లల్లా అయ్యి మరీ పోయారు. ఆకలిచావంటే అలాగే వస్తుందని నా బుర్రలో నాటుకుపోయింది. అందుకే ఎప్పుడూ వాడి నడుం మీదే నా కళ్ళు.

మా అమ్మ పోయి అప్పటికి పదకొండేళ్ళు. ఆవిడ ఎముకలు తీసి, కడిగి, మళ్ళీ పూడ్చే వేడుక మూడు నెలల్లో పెట్టుకున్నాం. చుట్టాలంతా దిగుతారు. వాళ్ళ ముందు బుడ్డోడు కొత్త నడికట్టు కట్టుకుని నిలబడాలి. నడికట్లు మగ్గం మీద నేసేవాళ్ళున్నారు, కానీ మా అమ్మ క్రోషేతోనే అల్లేది, అదీ ఒంటి దారంతో. జంట దారమైతే సగం రోజుల్లో పని తెములుతుంది, బజారు వాళ్ళు అదే చాలంటారు. నా మనవడికి బజారు పని కడతానా? ఎరుపు, నలుపు, చివర్లో కుచ్చులు, మధ్యలో ఆవుపేగులా మెలికలు తిరిగే ముగ్గు. ఆ ముగ్గు మా అమ్మది.

వాడి నడుముకి దారం చుట్టి కొలత తీసుకున్నాను. నూట నలభై వరసలు అల్లితే చుట్టు సరిపోవాలి. నెల తిరిగేసరికి అల్లడం అయింది. కట్టి చూస్తే అంచులు కలవలేదు. రెండు వేళ్ళ ఎడం ఉండిపోయింది.

ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. ముసలితనం వచ్చి పడింది, చెయ్యి దొంగబుద్ధి నేర్చిందనుకున్నాను. పందిరి కింద కూర్చుని వేలితో ఒక్కో వరసా తడుముతూ లెక్కపెట్టాను. నూట నలభై. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి, ఆ చివర నుంచి ఈ చివరకి ఇంకోసారి. నూట నలభయ్యే. నా లెక్క తప్పలేదు. అంటే పెరిగింది వాడన్నమాట.

ఆ రోజు నేను పడ్డ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. బుడ్డోణ్ణి చంకనేసుకుని కంచె కంచెకీ తిరిగి పొట్ట చూపించాను. నీళ్ళ లారీ మీద పనిచేసే మా తమ్ముడు తొరీబియో ఆపూట ఇంటికొచ్చాడు. బుడ్డోడి పొట్ట మీద దరువేసి, ఒరేయ్ మనవడా, వేడుకలో నా వంతు మాంసం కూడా నువ్వే లాగించేట్టున్నావే అని ఆట పట్టించాడు. బుడ్డోడు నవ్వలేదు.

వాడితోపాటు నవ్వనిది సెనైదా ఒక్కతే. వీడు ఆడుకోవట్లేదమ్మా, ముట్టుకుంటే ఏడుస్తున్నాడు, జుట్టు చూడు ఎర్రబడి ఊడిపోతోంది అంది. లారీలో ఎక్కించుకుని ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళమని మామని అడిగింది. నేనే అడ్డుపడ్డాను.

"బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి తీసుకెళ్ళి ఏమని చూపిస్తావే? చంటిదాన్ని ఎత్తుకున్నావని వాడికి కుళ్ళు, అందుకే ఏడుపు. ఎండకి జుట్టు ఎర్రబడక నల్లబడుతుందా?"

తొరీబియో నా మొహం వంకా దాని మొహం వంకా చూశాడు. మాలో పెద్దక్క మాటకి ఎదురు చెప్పరు. లారీ ఖాళీగానే వెళ్ళిపోయింది.

ఇంకో ధీమా కూడా ఉండేది నాకు. ఇంట్లో ఎవరికి ఆపద వచ్చినా మా అమ్మ ముందే కలలోకి వచ్చి చెబుతుంది, ఫలానాది చెయ్యమని అడుగుతుంది. ఈసారి రాలేదు. రాలేదంటే ఏమీ లేదనే కదా అనుకున్నాను. ఎందుకు రాలేదో గానీ, రానందుకు నేను ఇప్పటికీ ఆవిణ్ణి క్షమించలేదు.

కుచ్చులు విప్పి ఆరు వరసలు పెంచాను. పదిహేను రోజులకి మళ్ళీ బిగువైంది, ఇంకో ఆరు పెంచాను. వాడి బుగ్గలు బూరెల్లా పొంగాయి. చేతులు మాత్రం సన్నగానే ఉన్నాయి. చేతులు చూడాలని నాకు తట్టలేదు. చేతులకి నడికట్టు కట్టం కదా.

టీకాల బండి వచ్చిన రోజు వాడికి నడికట్టు కట్టి మరీ నిలబెట్టాను. నర్సు ఒమైరా మా మాటే మాట్లాడే పిల్ల, మెచ్చుకుంటుందని నా ఆశ. ఆ పిల్ల నడికట్టు వంక చూడనేలేదు. మోకాళ్ళ మీద కూర్చుని వాడి పాదం మీద బొటనవేలు నొక్కిపెట్టి తీసింది. గుంట పడింది. ఎంతసేపు చూసినా ఆ గుంట పూడలేదు.

"పెద్దమ్మా, ఇది కండ కాదు. నీరు," అంది. "వీడు జావ తప్ప ఇంకేం తింటున్నాడు?"

సెనైదా చెప్పింది, ఏమీ లేదని.

ఆ బండిలోనే ఆసుపత్రికి వెళ్ళాం. నడికట్టు విప్పి నా చేతికిచ్చారు. సూదిమందులు, చెంచాలతో పాలు. నీరు దిగుతోంది, దిగితే మంచిదే అన్నారు. రోజుకింత చొప్పున బుగ్గలు పోయాయి, పొట్ట పోయింది. ఆరో రోజుకి లోపల ఉన్నవాడు బయటపడ్డాడు. పక్క కంచె పిల్లలకీ వాడికీ తేడా లేదు. నా చంకలో నేను కంచె కంచెకీ తిప్పింది వాణ్ణే. ఏడో రోజు పొద్దున్నే పోయాడు. ఒక నెల ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు ఏదో అనబోయి, నన్ను చూసి ఆపేశాడు.

ఇంటికి తెచ్చి, కడిగి, నడికట్టు కట్టాను. జారి తొడల మీదకి వచ్చేసింది. చుట్టాల ఏడుపుల మధ్య సెనైదా ఆ వారంలో నాతో మొదటిసారి మాట్లాడింది.

"సరిచెయ్యమ్మా. ఊడిపోతోంది."

పందిరి కింద కూర్చున్నాను. క్రోషే అల్లిక అల్లడానికి నెల పడుతుంది గానీ విప్పడానికి ఒక్క లాగు చాలు. పెంచిన పన్నెండు వరసలూ విప్పేశాను. వాడి నడుముకి పెట్టి చూశాను. వదులే. ఇంకో పది విప్పాను. వదులే. నా సంబరమంతా ఎర్రదారమై ఒళ్ళో కుప్ప పడుతోంది. ఇంక చాలక్కా, ముడేసెయ్ అని తొరీబియో బతిమాలాడు. నేను వినలేదు. తొంభై ఎనిమిది దగ్గర సరిపోయింది. కుచ్చులు మళ్ళీ కుట్టి, వాడికి కట్టాను.

మొదటి నుంచీ బుడ్డోడు అంటున్నానే గానీ పేరు చెప్పలేదు. పోయినవాళ్ళ పేరు మాలో పలకరు. కన్నతల్లి వినేచోట అసలే పలకరు.

మా అమ్మ పక్కనే పెట్టాం వాణ్ణి. పదేళ్ళు పోయాక వాడి ఎముకలూ తియ్యాలి. నేనుంటే కడిగేది నేనే. దారం మటుకు బజారులో కొన్న నైలానుదే, మట్టిలో కుళ్ళదంటారు. చిన్నపిల్లాడి ఎముకలు ఎన్ని మిగులుతాయో తెలీదు గానీ, నడికట్టు ఉంటుంది. వరసలు తొంభై ఎనిమిది.