ప్రభువు బల్లకు బావి నీళ్ళు

ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందురోజు జీవరత్నమ్మ ఎండు ద్రాక్ష నానబెడుతుంది. తొడిమలు గిల్లి, రెండుసార్లు కడిగి, కుండలో నీళ్ళు పోసి, మూతికి తెల్లగుడ్డ కడుతుంది. ఆదివారం పొద్దున పిసికి వడగడితే అదే ప్రభువు బల్ల మీద ద్రాక్షరసం. గుడియాత్తం రోడ్డు పక్క పాళెంలో ఆమె ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. పద్దెనిమిదేళ్ళుగా ఈ పని ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. అది భక్తి అని ఆమె అంటుంది, అనుమానం అని కోడలు భారతమ్మ అంటుంది. ఇద్దరి మాటా నిజమే.

బల్ల ఆరాధనకు పాళెంలో చచ్చిపోయినవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళకని వెనక రెండు ఈతచాపలు పరిచి ఉంచుతారు. మట్టి చేసినప్పుడు కట్టిన బట్టలతోనే వచ్చి, నోరు విప్పకుండా కూర్చుని, బతికున్నవాళ్ళంతా తాగాక గిన్నె అందుకుంటారు. వాళ్ళెంత తాగినా గిన్నెలో రసం తగ్గదు. మిగిలింది నేలపాలు చెయ్యకూడదు గనక చివర పాస్టరు అయ్యగారే తాగాలి. రసం తియ్యగా ఉంటుంది గనక జ్ఞానశీలం అయ్యగారికి అదేమంత బరువనిపించలేదు.

జీవరత్నమ్మ మొగుడు మునెయ్య కూడా ఆ చాప మీద కూర్చునేవాడే. బాప్తిస్మంలో మోషే అని పేరు పెట్టినా బతికున్నన్నాళ్ళూ మునెయ్యే, చచ్చాకా మునెయ్యే. ఊరివాళ్ళు తమ బావి దగ్గర కడవలు పగలగొట్టి తరిమిన ఎండాకాలంలో, పదిమందిని కూడగట్టి పాళేనికి సొంత బావి తవ్వింది అతనే. రాతిబండ అడ్డమొస్తే పద్దెనిమిది రోజులు ఉలితో కొట్టాడు. పోయేనాటికి కూడా అరచేతుల్లో ఆ కాయలు పోలేదు.

ఎగువన పచ్చితోళ్లు ఊనబెట్టే తోళ్ల షాపు పెట్టి నాలుగేళ్ళయింది. పాళెంలో సగం మంది మగవాళ్ళకు అక్కడే పని. షాపు యజమాని మొదలాళి గుడికి మంగళూరు పెంకులు వేయించాడు. షాపు మోరీ మాత్రం బావి పక్కన పారే ఏట్లోకి వదిలాడు. ఈ మూడు నెలలుగా బావి నీళ్ళు ఎర్రబారి, పచ్చితోలు కంపు కొడుతున్నాయి. ఇంకో దిక్కులేక అందరూ అవే తాగుతున్నారు, జీవరత్నమ్మతో సహా.

అయితే ప్రభువు బల్లకు ఆ కంపు నీళ్ళు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. రెండు మైళ్ళు నడిచి గోవిందస్వామి తోటకు పోయి, మోటారు పైపు ముట్టకుండా దూరంగా నిలబడి, వాళ్ళు ఎత్తి పోస్తే ఒక కుండెడు తెచ్చింది. ఆ ఆదివారం చచ్చిపోయినవాళ్ళు గిన్నె చూసి మొహం తిప్పుకున్నారు. మరుసటి నెలా అంతే. మునెయ్య అయితే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పాళెంలో తగవులు ఎక్కువై వాళ్ళు అలిగారని అయ్యగారు గంటసేపు ప్రసంగం చేశాడు.

నీళ్ళ సంగతి మీద పాళెం జనం కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటే, మీ పాస్టరుతో రాయించుకు రండి అన్నారు. అయ్యగారు చిత్తూరు నుంచి సైకిలు మీద వస్తాడు, తాగడానికి ఇంటి నుంచే సీసాలో నీళ్ళు తెచ్చుకుంటాడు. ఆయన రాశాడు గానీ, నీళ్ళకేమీ దోషం లేదని రాశాడు.

"షాపు మూసేస్తే మీ మగోళ్ళు యాడికి పోతారమ్మా?" అన్నాడు జీవరత్నమ్మతో. "అయినా నెలనెలా రసం తాగతానే ఉండాను గదా. తేనె మాదిరి ఉండాది. సోమవారం కలెక్టరాఫీసు జీపొస్తే ఈ కాగితం ఇచ్చేస్తా."

రసంలోవి తోట నీళ్ళని ఆమె చెప్పలేకపోయింది. దొంగతనం బయటపడినట్టు సిగ్గుపడి వచ్చేసింది.

ఆ శనివారం సాయంత్రం భారతమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఏడాది నిండని బిడ్డకు నాలుగు రోజులుగా విరేచనాలు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"అత్తా, ఆ కుండలో నీళ్ళు ఒక చెంబుడు ఇయ్యి. కాంచి బిడ్డకు తాపుతా."

"అవి ప్రభువు బల్లకు తెచ్చినాను గదే."

"బావి నీళ్ళు తాగితే ప్రభువుకు కడుపునొప్పి వస్తాదా అత్తా?"

భారతమ్మ వెటకారానికి అనలేదు. బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి మూస్తున్నాడు. జీవరత్నమ్మకు గోడవైపు తిరిగిన మునెయ్య వీపు కళ్ళకు కట్టింది. బిడ్డలకు విషం, బల్లకు తీపి. ఇన్నాళ్ళూ తాను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. కుండ కుండంతా కోడలి చేతికిచ్చి, తాడూ బొక్కెనా తీసుకుని బావి దగ్గరికి పోయింది.

ఆదివారం అయ్యగారు రొట్టె విరిచి, గిన్నె ఎత్తి, మొదటి గుక్క తాగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బల్ల ముందు ఉమ్మడానికి లేదు, మింగాడు. తర్వాత పాళెం జనం ఒక్కొక్కరే వచ్చి మోకరించి తాగారు. ఒక్కరూ మొహం చిట్లించలేదు. అది వాళ్ళు రోజూ తాగేదే.

వెనక చాపల దగ్గర మునెయ్య ఇటు తిరిగి కూర్చున్నాడు. కాయలు కాసిన రెండు చేతులతో గిన్నె అందుకుని, గట్టి దాహమేసినవాడిలా తాగాడు. అందరూ తాగారు. గిన్నె నిండుగానే అయ్యగారి చేతికి తిరిగొచ్చింది. ఆయన అందరి ముందూ నిలబడి అడుగుదాకా తాగాల్సి వచ్చింది.

"యాడి నీళ్ళమ్మా ఇవి?" ఆరాధన అయ్యాక అడిగాడు.

"మన బావివే అయ్యగారూ. ఇన్నాళ్ళూ తోట నీళ్ళు కలిపినాను. దేవుడికి మంచివి పెట్టాలనుకుంటి. తప్పు నాదే."

ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తన పని ఊడినట్టేనని జీవరత్నమ్మ అనుకుంది. భయం కూడా వేసింది.

సోమవారం జీపుకంటే ముందు అయ్యగారే వచ్చాడు. సైకిలు వెనక చాప, దిండు, ఒక ట్రంకుపెట్టె. రాత్రంతా నిద్రలేనట్టు ఉన్నాడు.

"ఇంట్లో కాఫీ తాగినా ఇదే రుచమ్మా. కొళాయి నీళ్ళు, మజ్జిగ, ఏది నోట్లో పోసుకున్నా ఇదే. యాడ తాగినా ఇదే అయినప్పుడు ఈడ మీతోనే తాగుతా." గుడి పక్క గదిలో చాప పరుచుకున్నాడు. జీపులో వచ్చినవాడికి వేరే కాగితం ఇచ్చాడు.

మొదలాళి పెంకులు విప్పించుకుపోయాడు. సర్కారువాళ్ళు మోరీ మూయించి, పాళేనికి బోరింగు పంపు వేయించడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ అయ్యగారు ఆఫీసుల చుట్టూ తిరిగాడు, పాళెంతో పాటు బావి నీళ్ళే తాగాడు. భారతమ్మ బిడ్డ నడక నేర్చి ఆయన వెంట తిరిగేవాడు. బోరింగు పడిన నెలకే కడుపులో పుండుతో అయ్యగారు పోయాడు. జీవరత్నమ్మ కన్నకొడుకు పోయినట్టు ఏడ్చింది.

తర్వాతి బల్ల ఆరాధనకు మదనపల్లె నుంచి కొత్త అయ్యగారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా కుర్రాడు. జీవరత్నమ్మ ఆసారి బోరింగు నీళ్ళతో రసం తీసింది, రుచి చూసి మరీ పెట్టింది. తియ్యగా ఉంది. జనం తాగారు. చాప మీద మునెయ్య తాగి, పక్కనే కూర్చున్న జ్ఞానశీలం అయ్యగారికి గిన్నె అందించాడు. ఆయన కూడా తాగాడు. గిన్నె నిండుగా కొత్త అయ్యగారి చేతికి వచ్చింది.

ఆ కుర్రాడు ఒక గుక్క తాగి, పచ్చితోలు కంపుకు ఆగిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అడుగుదాకా తాగాడు. మరుసటి రోజు చాప చుట్టుకుని పాళేనికి వచ్చేశాడు.