అసలు వేగం

ఆరిన దుప్పట్లను ఆమె హాల్లో నిలబడి మడత పెడుతుంటే, "ఒక్క క్షణం ఆ గుడ్డ దింపు, కనబడటం లేదు" అన్నాడు భర్త. ఆమె దుప్పటి దించింది. దాని వెనక టీవీలో ఒక సైన్యం బురదలో నడిచిపోతోంది.

ఆదివారం మధ్యాహ్నం. యుద్ధాల మీద ఆయనకున్న ప్రేమ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. ఏ ట్యాంకు ఏ లోయలో దిగబడిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో మాత్రం పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెలుసుకోలేకపోయాడు. ఇప్పుడొస్తున్న కార్యక్రమం వందేళ్ళ కిందటి మొదటి ప్రపంచ యుద్ధం గురించి. చెదలు పట్టినట్టు గీతలు పడిపోయిన పాత ఫిల్ములను శుభ్రం చేసి, రంగులు వేసి, బూట్ల చప్పుడూ గుర్రాల సకిలింపూ చేర్చి చూపిస్తున్నారు. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవాళ్ళట. క్షణానికి తియ్యాల్సినన్ని బొమ్మలు తీసేవాళ్ళు కాదట. అందుకే ఆ ఫిల్మును ఇప్పటి యంత్రం మీద వేస్తే మనుషులు చీమల్లా పరుగులు పెడుతున్నట్టుంటుంది. ఇప్పుడు కంప్యూటరు ప్రతి రెండు బొమ్మల మధ్యా, ఎవరూ తియ్యని ఒక బొమ్మను ఊహించి పెడుతుందట. ఇదంతా ఆయనే చెప్పాడు, ఆమె దిండు గలీబుల జతలు కలుపుతుంటే.

"ఇన్నాళ్ళూ వీళ్ళు కోతుల్లా గెంతుతుంటే నవ్వుకున్నాం," అన్నాడు. "అసలు వేగానికి తెచ్చాక చూడు. పాపం, మనలాంటి మనుషులే." ఆయన కళ్ళు చెమర్చాయి. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన కుర్రాళ్ళ కోసం ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి ఆమెకు ముచ్చటేసింది, ఆ వెంటనే ఎందుకో చలేసింది.

ఆమె కూడా చూసింది. నడిచిపోతున్న వాళ్ళలో ప్రతివాడూ కెమెరా దగ్గరికి రాగానే తల తిప్పి ఇటే చూస్తున్నాడు. గబగబా నడిచిన పాత బొమ్మలో ఆ చూపు కనబడేది కాదేమో. ఇప్పుడు నెమ్మదిగా తిరిగి, నెమ్మదిగా నిలిచి, నెమ్మదిగా వెళ్ళిపోతోంది. గడ్డి మరీ పచ్చగా ఉంది. పెదవులు మరీ ఎర్రగా ఉన్నాయి, శవానికి అలంకారం చేసినట్టు. తర్వాత ఒక ఆసుపత్రి చూపించారు. గాయం ఒక్కటీ లేని సైనికులు. ఒకడి చేయి దానంతట అది లేచి గాలిలో ఏదో పట్టుకుని ఆగిపోయింది. ఆ చేతిని వాడు ఎదురింటివాడి చెయ్యి చూసినట్టు చూస్తున్నాడు. ఇంతకాలం నడిపి, ఇంక చాలని మనసు పక్కకు తప్పుకుంటే శరీరం తన పని తాను చేసుకుపోతుందని వెనకనుంచి వ్యాఖ్యాత గొంతు చెబుతోంది.

లోపలి గదిలోంచి అత్తగారి మంచం కడ్డీ మీద గిన్నె తట్టిన చప్పుడు. ఆమె వెళ్ళింది.

అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముక్కలైంది. కొన్నాళ్ళు పగటిపూట ఒక ఆయా వచ్చేది. ఆయా సరిగ్గా చూస్తోందో లేదోనని ఆయన ఆ గది మూల ఒక కెమెరా, వంటింటి గుమ్మం మీద ఇంకొకటి పెట్టించాడు. ఆయా కూతురి పురుటికని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయా మీద పెట్టిన కన్ను ఆయా పోయాక ఈమె మీద మిగిలింది. ఉద్యోగానికి సెలవు పెట్టి అప్పటినుంచి ఆమే చూసుకుంటోంది. ఆ సెలవు వచ్చే ఆదివారంతో అయిపోతుంది.

ఆమె ఉద్యోగం ఊరికి వెళ్ళే మంచినీళ్ళను పరీక్షించే ల్యాబులో. గాజు గొట్టంలోంచి మందు చుక్క చుక్కగా నీళ్ళలో పడుతుంటే, రంగు మార్చిన చుక్క ఏదో కనిపెట్టాలి. ఒక్క చుక్క ఎక్కువైతే పని మళ్ళీ మొదటికే. ఊపిరి బిగబట్టి నిలబడటమే అక్కడి పని, ఆ నిలబడటానికే ఆమెకు మంచి పేరు. విభాగం చూసుకునే పెద్దాయన రిటైరవుతూ ఆ కుర్చీకి ఆమె పేరు చెప్పాడు. పైఅధికారి ఫోన్ చేసి, "సోమవారం వస్తే మీకే అమ్మా. రాకపోతే మీరు పని నేర్పిన అబ్బాయికి ఇచ్చేస్తాం. ముందు ఇంట్లోవాళ్ళని అడిగి చెప్పండి" అన్నాడు. ఆ అబ్బాయిని ఇంట్లో అడిగి రమ్మని ఎవరూ అనరని ఆమెకు ఫోన్ పెట్టేశాక తట్టింది.

ఇంట్లో అడగాల్సిన పని లేకపోయింది. ఆయన అప్పటికే తేల్చేశాడు. "ఇంక మానెయ్. పడుకున్న మనిషి పక్కన కూర్చోవడమేగా, నిన్నేమైనా యుద్ధానికి పొమ్మన్నానా?" ఆడపడుచు వచ్చినప్పుడు ఆ మాటనే కాస్త తీపి చేసి, "నువ్వుంటే అమ్మకి ధైర్యం వదినా, నీ చెయ్యి చల్లనిది" అంది. చల్లని చెయ్యి అనగానే ఎవరో సంకెల వేసినట్టనిపించింది ఆమెకు.

సాయంత్రాలు టీ తాగుతూ ఆయన కెమెరా పట్టిన ఆ రోజు బొమ్మలను టీవీలో వేసుకుంటాడు. "ఇవాళ్టి యుద్ధవార్తలు" అంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగింది టీ చల్లారేలోగా అయిపోవాలి కాబట్టి వేగం పెంచేస్తాడు. తెరమీద ఒక ఆడమనిషి గదిలోకి ఉరుకుతుంది, వంగుతుంది, లేస్తుంది, బేసిను పట్టుకుని మాయమై గుడ్డతో ప్రత్యక్షమవుతుంది. ముసలావిడ అటు దొర్లుతుంది, ఇటు దొర్లుతుంది. మొన్న ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. "వదినా, కీ ఇచ్చిన బొమ్మలా ఉన్నావే." ఆయన నవ్వాడు. నలుగురితో పాటు ఆమె కూడా నవ్వింది. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అనలేదు, కానీ ఎద్దు కూడా కాకితో కలిసి నవ్వుతుందని ఏ సామెతలోనూ లేదు.

ఆసుపత్రి సైనికుడి చెయ్యి ఆమెను వదల్లేదు. అంట్లు తోముతుంటే సబ్బు నురుగులో తన చెయ్యి పైకి లేచి ఆగిందేమోనని చూసుకుంది. ఆగలేదు. మరునాడు మందు గిన్నె పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళి, గిన్నె అప్పటికే ఖాళీగా ఉండటం చూసింది. ఇచ్చేసిందా, ఒలికిందా గుర్తు రాలేదు. ఈ మధ్య ఇలాంటివి జరుగుతున్నాయి. ఒక పని మొదలుపెట్టినట్టు గుర్తు, పూర్తయినట్టు గుర్తు, మధ్యలోది లేదు. అలసట అనుకుంది. అందరూ అనే మాటే అది, అనుకోవడానికి కష్టం లేనిది.

గురువారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే ఆమె టీవీ ముందు కూర్చుంది. ఒక చిన్న కోరిక. తను ఎలా నడుస్తుందో చూసుకోవాలని. పెళ్ళి ఫోటోల్లో నిలబడి ఉంటుంది, అద్దంలో ముఖం ఉంటుంది, కానీ తన నడక తను ఎప్పుడూ చూడలేదు. ముందురోజు పొద్దుటి బొమ్మ పెట్టి, వేగం తగ్గించి, మామూలుగా వదిలింది.

మొదట వంటిల్లు. ఒక స్త్రీ వచ్చింది. ఎడమకాలు కొంచెం ఈడుస్తోంది. అది తనే అని ఒప్పుకోవడానికి కాసేపు పట్టింది. తన వీపు ఇంత వంగిందా? పొయ్యి దగ్గర ఆ స్త్రీ ఒక చేత్తో నడుం పట్టుకుని, ఎవరికో జవాబు చెబుతున్నట్టు పెదవులు కదిపింది. అక్కడ ఎవరూ లేరు. చూస్తుంటే ఆ స్త్రీ మీద జాలి కలిగింది, పక్కింటావిడ మీద కలిగే లాంటి జాలి. మనలాంటి మనిషే.

తర్వాత అత్తగారి గది. ఆ స్త్రీ ముసలావిడకు ముఖం తుడిచింది. జుట్టు చిక్కు తీసి జడ వేసింది. తల ఎత్తి కింద నుంచి దిండు లాగింది, గలీబు మార్చడానికి కాబోలు. తల నెమ్మదిగా పరుపు మీద ఆనించింది. దిండును రెండు చేతులా గుండెల ముందు పట్టుకుంది. అలా నిలబడిపోయింది.

బొమ్మ ఆగిపోయిందనుకుని ఆమె రిమోట్ నొక్కబోయింది. ఆగలేదు. కిటికీ తెర గాలికి ఊగుతోంది. పంకా తిరుగుతోంది. ఆ స్త్రీ ఒక్కతే కదలడం లేదు. ముసలావిడ కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది. ఒక కాగు నీళ్ళు కాగేంత సేపు, అది చల్లారేంత సేపు. కిటికీలోంచి పడ్డ ఎండ చారిక మంచం కోడు దగ్గర్నుంచి దుప్పటి అంచుకు పాకింది. మధ్యలో ఒక్కసారి దిండు కొద్దిగా కిందికి వంగింది, ఎంత కొద్దిగా అంటే, చుక్క రంగు మారడం కనిపెట్టే కంటికి తప్ప తెలియనంత. అక్కడే ఆగింది. తర్వాత ఆ స్త్రీ ఏమీ జరగనట్టు గలీబు మార్చి, తల కింద దిండు పెట్టి, బేసిను తీసుకుని బయటికి నడిచింది.

కంప్యూటరు ఊహించి పెట్టిన బొమ్మేమో ఇది, అనుకుంది ఆమె మొదట. రెండు నిజాల మధ్య ఎవరూ తియ్యని బొమ్మ. కానీ ఇది బాగుచేసిన ఫిల్ము కాదు. ఈ కెమెరాకు ఊహలు లేవు. అది చూసిందే చూపిస్తుంది. ఆయన వేసుకునే వేగంలో ఆ నిలబడటం రెప్పపాటు కూడా కాదు. రోజూ చూస్తూ రోజూ చూడలేదు.

ఆమె లేచి లోపలి గదికి వెళ్ళింది. అత్తగారు మేలుకునే ఉంది.

"అత్తయ్యా, నిన్న పొద్దున నేను దిండు పట్టుకుని నిలబడ్డానా?"

ఆవిడ మాట కోసం చాలాసేపు వెతుక్కుంది. "నిన్నే... కాదు," అంది. "రోజూ."

"మీ అబ్బాయికి చెప్పలేదేం?"

"చెప్పా. నవ్వాడు."

అప్పుడు గుర్తొచ్చింది. వారం కిందట భోజనాల దగ్గర ఆయన తల కొట్టుకుంటూ, అమ్మకి మతి చలిస్తోందనీ, కోడలు రాతిబొమ్మ అయిపోతోందంటోందనీ చెప్పి, "నువ్వు రాతిబొమ్మవైతే ఈ ఇంట్లో నోరుండేది ఎవరికి?" అని నవ్వాడు.

ఆమె మంచం అంచున కూర్చుంది. అత్తగారి ఎడమ చెయ్యి పాకుతూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో కోపం లేదు, భయమూ లేదు. దారి తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళను పట్టుకునే పట్టు.

"నేనూ... నిలబడ్డా," అంది. "మా అత్త... దగ్గర. చాలా... నాళ్ళు."

"తర్వాత?"

"నిద్రలో... పోయింది." ఆవిడ కళ్ళు కప్పు వైపు తిరిగాయి. "నిద్రలో అనే... అన్నారు... అందరూ. నాకూ... గుర్తు... లేదు."

గదిలో పంకా తిరుగుతూనే ఉంది. ఇంకా అడిగితే జవాబు చెప్పేందుకు ఆవిడ దగ్గర కూడా మధ్యలోది లేదు. కొంతసేపటికి ఆ చెయ్యి మణికట్టును వదిలి, ఈగను తోలినట్టు, గుమ్మం వైపు ఊగింది.

"నువ్వు... పనికి పో."

సాయంత్రం ఆయన వచ్చి టీ కప్పుతో కూర్చుని యుద్ధవార్తలేమిటని అడిగాడు. ఆమె నిన్నటి బొమ్మ పెట్టింది. కాసేపటికి ఆయనకు విసుగొచ్చింది. ఇంత నత్తనడకేమిటి, తెల్లారిపోతుంది, వేగం పెంచమన్నాడు. రిమోట్ కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. పెళ్ళయ్యాక ఆయన చాపిన చేతిలో ఆమె ఏదీ పెట్టకపోవడం అదే మొదటిసారి కాబోలు, ఆయన చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండిపోయింది.

తెరమీద ఆ స్త్రీ దిండు లాగింది. నిలబడింది. ఆయన ఒక గుక్క తాగాడు, రెండో గుక్కకు కప్పు ఎత్తి పెదవి దాకా తేలేదు. ఒకసారి ఆమె వైపు, ఒకసారి తెర వైపు చూశాడు. తెరమీది ఎండ చారిక దుప్పటి అంచుకు చేరింది. దిండు కొద్దిగా వంగిన చోట ఆయన ముఖంలో రక్తం లేదు.

"ఏం చేస్తున్నావక్కడ?" గొంతు మారిపోయింది.

"తెలియదండీ. ఇవాళే నేనూ చూశాను." ఆమె టీవీ కట్టేసింది. తన గొంతు ఇంత నింపాదిగా ఉండటం ఆమెకే వింతగా ఉంది. "సోమవారం నేను ల్యాబుకి వెళ్తున్నాను. పైఅధికారికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాను."

"మరి అమ్మనెవరు చూస్తారు?" అలవాటు మాట, ఆయనకు తెలియకుండానే వచ్చేసింది.

"మీరు సెలవు పెడతారో, ఇంకో ఆయాని చూస్తారో, మీ చెల్లెల్ని పిలుస్తారో మీ ఇష్టం. నేనూ చేస్తాను, పక్కన ఇంకో మనిషి ఉన్నప్పుడు."

"నువ్వు... అలాంటిదానివి కాదుగా," అన్నాడు ఆయన. అది ప్రశ్నో నమ్మకమో ఆయనకే తెలియలేదు. కాదనే మాట కోసం చిన్నపిల్లాడిలా ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

ఆ మాట ఇచ్చెయ్యడం ఎంత తేలిక. ఇన్నేళ్ళూ ఇస్తూనే వచ్చింది. ఆమె ఆయన చేతిలోంచి టీ కప్పు తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఏమో," అంది. "నన్ను మాత్రం మీ అమ్మతో ఒంటరిగా వదలకండి."